పార్నపల్లె బొచ్చె ఎక్కడిది?

చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరులో గాలానికి పడ్డ బొచ్చె చిత్రావతి చేప కాదు. పులివెందులలో ఈ మాటంటే ఎదుటి మనిషి ఒకసారి ఎగాదిగా చూస్తాడు. పార్నపల్లె దగ్గర కట్ట ఉంది, కట్ట వెనక నీళ్లున్నాయి, నీళ్లలో చేప ఉంది, ఇంక కాదనడానికేముంది? కానీ ఆ నీళ్లలోనే చిత్రావతి వాటా తక్కువ. కర్ణాటకలో చిక్కబళ్లాపురం వైపు కొండల్లో పుట్టి, పుట్టపర్తి మీదుగా వచ్చి, గండికోటకు ఎగువన పెన్నలో కలిసే ఈ నది ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగానే ఉంటుంది. దాని మీద 10 టీఎంసీల జలాశయం కట్టి, నింపే పనిని వేరే నదికి అప్పజెప్పారు.

ఆ నది కృష్ణ. శ్రీశైలం వెనక నిలిచిన నీళ్లు పోతిరెడ్డిపాడు తూముల్లో పడి, బనకచెర్ల దాటి, గాలేరు నగరి కాలువ వెంట గోరకల్లు, అవుకు జలాశయాల్లో ఆగి ఆగి గండికోటకు చేరతాయి. అక్కడ 26.85 టీఎంసీలు పట్టే చోటుంది. గండికోట నుంచి కొంత నీరు కిందికి మైలవరం వైపు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పొలాలకు పోతుంది. కొంత నీరు పంపుల మీద అంచెలంచెలుగా పైకెక్కి పైడిపాలేనికి, పార్నపల్లెకు వస్తుంది. ఒక్క టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఇంత నీటిని ఇంత దూరం తెచ్చింది చీనీ తోటల కోసం, తాగునీటి కోసం. ఆ లెక్కల్లో చేప ఎక్కడా లేదు. నీళ్లున్నాయి కాబట్టి తరవాత వచ్చి చేరింది.

ఎలా చేరిందన్నదే అసలు కథ. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అనే మూడు చేపలూ ఒక జట్టు. దేశంలో మంచినీటి చేపల పెంపకం చాలావరకు వీటి మీదే నిలబడి ఉంది. వీటిని గంగా పరివాహక ప్రాంతపు చేపలుగా లెక్కగడతారు. పెన్న దాకా ఇవి వచ్చింది మనిషి చేతి మీదుగా. పార్నపల్లెలో ఈరోజు పడే బొచ్చె బహుశా ఏదో హేచరీలో సిమెంటు తొట్టిలో పుట్టి, ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచిలో లారీ ఎక్కి, వేలెడు పొడవున్నప్పుడు ఈ నీళ్లలో పడి ఉంటుంది. లేదంటే ఎగువ జలాశయాల్లో వదిలిన పిల్లల్లో ఒకటి కాలువ వెంట కొట్టుకొచ్చి, పంపుల్లో పడి కూడా బతికి బయటపడి ఉంటుంది. పంపు రెక్కల దెబ్బ, ఒక్కసారిగా మారే ఒత్తిడి పెద్ద చేపను నలిపేస్తాయి. చిన్నపిల్ల తప్పించుకునే అవకాశం ఎక్కువ.

ఇన్నేళ్లుగా నీళ్లున్నాయి, పెద్ద పెద్ద బొచ్చెలున్నాయి, అవి ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని ఎందుకు చేయవు? కట్ట మీద నిలబడి చూసేవారికి తప్పకుండా వచ్చే సందేహం ఇది. ఆడ బొచ్చె కడుపులో గుడ్లు లేక కాదు. శీలావతి అయితే కిలో బరువుకు 2 లక్షలకు తక్కువ కాకుండా గుడ్లు మోస్తుంది. వేసవిలో అవి కడుపులో పెరిగి సిద్ధమవుతాయి. సిద్ధం కావడం ఒకటి, విడుదల కావడం మరొకటి. విడుదలకు నదిలో ఒక సంకేతం రావాలి. వానాకాలపు కొత్త నీరు, ఎర్రటి బురద, కొంచెం చల్లబడిన వేడిమి, గట్లు పొంగి పక్క పల్లాలను ముంచే ప్రవాహం, ఇవన్నీ ఒకేసారి తగిలితే చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి హార్మోన్లను వదులుతుంది. అప్పుడు గుడ్లు బయటికొస్తాయి. నిలవ నీటిలో ఆ సంకేతం రాదు. నెలలు గడిచాక చేప తన గుడ్లను తానే లోపల కరిగించుకుంటుంది.

ఒకవేళ పెట్టినా లాభం తక్కువ. ఈ చేపల గుడ్లు దేనికీ అంటుకోవు, నీటి కంటే కాస్తంత బరువుగా ఉంటాయి. పారే నీటిలో తేలుతూ మునుగుతూ పోతాయి, అలా పోతూనే పొదుగుతాయి. 28 డిగ్రీల నీటిలో ఒక్క పగలూ రాత్రీ గడవకముందే పిల్ల బయటికొచ్చేస్తుంది. అదే కదలని నీటిలో అయితే అడుగుకు దిగి, ఒండ్రులో కూరుకుపోయి, ఊపిరందక చస్తాయి.

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. గంగ మైదానంలో వరద జులై, ఆగస్టుల్లో వస్తుంది. ఈ చేపల ఒంట్లో గడియారం దానికి తగ్గట్టే నడుస్తుంది. రాయలసీమ నదులకు వరద తెచ్చేది చాలాసార్లు ఈశాన్య రుతుపవనం, లేదా బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండం. 2021 నవంబరులో చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు ఒడ్లు దాటి ముంచెత్తిన సంగతి ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. ఆ వరదకు బొచ్చె ఏం చేయాలి? దాని కడుపులో గుడ్లు అప్పటికే కరిగిపోయి ఉంటాయి. నది పిలిచే నెల ఒకటి, చేప సిద్ధపడే నెల మరొకటి.

ఈ సంకేతాన్ని సూదిమందుతో ఇవ్వవచ్చని మన దేశంలో తేల్చింది హీరాలాల్ చౌధురి. చచ్చిన చేప తల నుంచి పీయూష గ్రంథి తీసి, నూరి, మరో చేపకు ఎక్కించే పద్ధతిని బ్రెజిల్‌లో 1930లలోనే వాడారు. మన పెద్ద జాతి చేపల మీద అది ఫలించింది 1957 జులై 10న, ఒడిశాలో. చౌధురితో పాటు ఆ పనిలో కె.హెచ్. అలికున్హి ఉన్నారు. అంతకుముందు దాకా చేపపిల్లలు కావాలంటే వరద రోజుల్లో నది ఒడ్డున సన్నటి వలలు కట్టి, కొట్టుకొచ్చే పిల్లల్ని పట్టడమే మార్గం. ఆ పట్టుబడిలో పనికొచ్చేవీ పనికిరానివీ, తినే చేపలూ తినబడే చేపలూ కలిసి వచ్చేవి. ఇవాళ జులై 10ని జాతీయ మత్స్య రైతు దినంగా జరుపుతున్నారు. గ్రంథి నూరే కాలం పోయి, సీసాలో సిద్ధంగా వచ్చే హార్మోను మందు వచ్చింది. హేచరీలో గుండ్రటి తొట్టి కట్టి అందులో నీళ్లు ఆగకుండా తిరిగేలా చేస్తారు. ఆ తిరుగుడు ఎందుకంటే గుడ్డు అడుగుకు దిగకుండా ఉండడానికి. నదిని సున్నాలా చుట్టి తొట్టిలో పెట్టారన్నమాట.

అలా పుట్టిన పిల్లను వెంటనే జలాశయంలో వదిలితే అది మేత వేసినట్టే. చిత్రావతి సొంత చేపలు అక్కడ కాచుకుని ఉన్నాయి. వాలుగ ఉంది, దాని నోరు చెవుల దాకా చీలి ఉంటుంది. కొరమేను ఉంది, అది నీళ్లలో ఊపిరందకపోతే పైకొచ్చి గాలి పీల్చుకుని మరీ వేటాడుతుంది. జెల్లలు సరేసరి. ఇవి చేపను నమలవు, మింగుతాయి. నోరు ఎంత తెరుచుకుంటే అంత లావు చేపనే మింగగలవు. అందుకే జలాశయంలో వదిలే పిల్ల 80 నుంచి 100 మిల్లీమీటర్ల పొడవుండాలని శాస్త్రవేత్తలు పట్టుబడతారు. పది మిల్లీమీటర్ల పిల్లలు లక్ష కంటే వేలెడు పిల్లలు పదివేలు మేలు. కానీ వేలెడు పిల్లను తయారు చేయాలంటే నర్సరీ చెరువులో రెండు మూడు నెలలు మేపాలి, ఖర్చవుతుంది. ఎన్ని లక్షల పిల్లలు వదిలామన్న అంకె పత్రికలో బాగా కనిపిస్తుంది. ఎంత పొడవు పిల్లలన్నది అడిగేవారు తక్కువ. నన్నడిగితే ఆ రెండో అంకె లేకుండా మొదటిదానికి విలువ లేదు.

పిల్ల బతికింది, సరే. ఏం తిని పెరుగుతుంది? జలాశయంలో ఎవరూ తవుడు, చెక్క వేయరు. అంతా నీళ్లలోనే పండాలి. ఎండ పడినంత లోతులో కంటికి కనబడని నాచుకణాలు పెరుగుతాయి. వాటిని నీటి ఈగల్లాంటి సూక్ష్మజీవులు తింటాయి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, మొప్పల్లో జల్లెడ లాంటి అమరిక ఉంటుంది. పై నీటిలో నోరు తెరుచుకుని పోతూ ఆ సూక్ష్మజీవుల్ని వడగట్టుకుంటుంది. శీలావతి నడిమి నీళ్లలో నాచు, పాచి గీరుకు తింటుంది. ఎర్రమోసు అడుగున కుళ్లిన ఆకు అలములను వెతుక్కుంటుంది. ఒకే నీళ్లలో మూడు అంతస్తుల కాపురం కాబట్టే ఈ మూడింటినీ కలిపి వదులుతారు.

ఎండ ఎంత లోతుకు దిగుతుందో చూడడానికి ఒక తేలిక సాధనముంది. తాడుకు కట్టిన 20 సెంటీమీటర్ల తెలుపూ నలుపూ పళ్లేన్ని నీళ్లలోకి దించి, ఎక్కడ మాయమైందో కొలుస్తారు. ఇటలీ వాడు ఆంజెలో సెక్కి 1865లో మధ్యధరా సముద్రంలో తెల్ల పళ్లెంతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పళ్లెం త్వరగా మాయమైతే అది నాచు వల్లనా, బురద వల్లనా అన్నది ముఖ్యం. నాచు అయితే మేత ఉన్నట్టు. బురద అయితే ఎండను అడ్డుకుంటున్నట్టు.

నాచుకు ఎండతో పాటు ఎరువూ కావాలి. ఇక్కడ నేల కొంత సాయం చేస్తుంది. కడప బండ ఇంటి ముందు పరుచుకునే వాళ్లందరికీ తెలిసిన సున్నపురాయి దేశం ఇది. వేంపల్లె వైపు డోలమైటు ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి పొరల్లో కొన్నింటికి చిత్రావతి శ్రేణి అని పేరు పెట్టి, అందులో ఒక దాన్ని పులివెందుల క్వార్ట్‌జైట్ అనీ, మరోదాన్ని గండికోట క్వార్ట్‌జైట్ అనీ పిలుస్తారు. సున్నం కలిసిన రాయి మీద పారిన నీటిలో కార్బొనేట్లు ఎక్కువ. నాచు పగలంతా బొగ్గుపులుసు వాయువును లాగేసుకుంటే మెత్తటి నీటిలో క్షారం అమాంతం పెరిగిపోతుంది. సున్నపు నీరు ఆ దెబ్బను తట్టుకుంటుంది, వాయువును తిరిగి సమకూరుస్తుంది. నత్తలకు గుల్లకూ, చేపలకు ఎముకకూ కాల్షియం దొరుకుతుంది. తాగేవాళ్లు ఉప్పు నీళ్లని విసుక్కునే గట్టి నీరు చేపకు మేలే చేస్తుంది, మరీ ముదరనంత వరకు.

అసలు ఎరువు మాత్రం మునిగిన నేల నుంచి వస్తుంది. 2020లో గండికోటను నిండుగా నింపినప్పుడు తాళ్లప్రొద్దుటూరు మునిగింది. ఇళ్లూ, తోటలూ, పశువుల పాకలూ, దిబ్బలూ ఉన్న ఊరు. ఊరివాళ్ల నష్టాన్ని ఇక్కడ తూకం వేయబోవడం లేదు, అది చేపల లెక్కలో ఇమిడేది కాదు. జీవశాస్త్రం మటుకు ఇలా ఉంటుంది. కొత్తగా మునిగిన నేలలోని నత్రజని, భాస్వరం నీటిలోకి కరుగుతాయి. చెట్టూ చేమా కుళ్లుతుంది. మొదట్లో ఆ కుళ్లు అడుగు నీటిలో ప్రాణవాయువును తినేసి ఇబ్బంది పెడుతుంది. ఆ తరవాత నాచు, పురుగు, చేప వరసగా విజృంభిస్తాయి. ప్రపంచంలో ఎక్కడ కొత్త జలాశయం కట్టినా మొదటి కొన్నేళ్లు చేప విరివిగా పడుతుంది. వల వేసిన వాళ్లు ఇక ఇలాగే ఉంటుందనుకుంటారు. ఎరువు అయిపోతుంది, పట్టుబడి సగానికి పడిపోతుంది, అక్కడ నిలుస్తుంది. ఏదో తప్పు జరిగిందని జనం వెతుకుతారు. తప్పేమీ లేదు, కొత్తదనం తీరిపోయిందంతే.

పాతబడిన జలాశయానికి మళ్లీ కాస్త ఎరువు అందేది నీటిమట్టం దిగి ఎక్కినప్పుడు. మట్టం దిగిన అంచుల్లో నేల ఎండుతుంది, పగుళ్లిస్తుంది, గడ్డి మొలుస్తుంది, పశువులు మేస్తాయి, కొందరు పంటలూ వేస్తారు. గాలి సోకిన మట్టిలో కుళ్లు వేగంగా జరిగి ఎరువు విడివడుతుంది. మళ్లీ నీరెక్కినప్పుడు అది నీళ్లలో కలుస్తుంది. అమెజాన్ మైదానాల్లో పనిచేసిన వొల్ఫ్‌గాంగ్ యుంక్, ఆయన సహచరులు 1989లో దీన్ని వరద స్పందన అనే సిద్ధాంతంగా చెప్పారు. నది బతుకు పాయలో కంటే అది ఎక్కి దిగే అంచుల్లోనే ఎక్కువగా ఉందన్నది వాళ్ల మాట. అమెజాన్‌లో ఆ ఎక్కడం దిగడం ఏడాదికొకసారి, నిదానంగా, ఒకే నెలల్లో జరుగుతుంది. బ్యాలెన్సింగ్ రిజర్వాయరులో? పంపులు ఆడితే ఎక్కుతుంది, పులివెందుల బ్రాంచి కాలువకు వదిలితే దిగుతుంది. చేప ఊహించుకునే రుతువేదీ అందులో ఉండదు.

ఈ ఎక్కడం దిగడం అన్ని చేపలకూ ఒకలా తగలదు. బంగారు తీగ నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది, కాని వాటిని లోతు లేని చోట నీటి మొక్కలకు అంటిస్తుంది. రెండు రోజుల్లో నీరు మూరెడు దిగిందా, గుడ్లు గడ్డి మీద ఎండిపోతాయి. మన దగ్గర జిలేబి అని పిలిచే తిలాపియా ఆ చిక్కును దాటేసింది. మగది అంచున ఇసుకలో గుంట తవ్వుతుంది, ఆడది గుడ్లు పెట్టి వెంటనే నోట్లోకి తీసుకుంటుంది. పిల్లలు ఈదగలిగే దాకా నోట్లోనే మోస్తుంది. నీరు దిగితే పిల్లలతో సహా లోతుకు జరుగుతుంది. పైగా నెలల వయసులోనే గుడ్లకు వస్తుంది, ఏడాదికి చాలాసార్లు పెడుతుంది. ఆఫ్రికా నుంచి బయలుదేరిన మొజాంబిక్ తిలాపియా మన దేశానికి వచ్చింది 1952లో. పేదవాడి మాంసకృత్తులు అనుకుని తెచ్చారు. చేపల సంఖ్య పెరిగితే ఒక్కో చేప పెరగదు. అరచేయంతే ఉన్న చేపలే మళ్లీ గుడ్లు పెడుతుంటాయి, బొచ్చెపిల్ల తినవలసిన మేతను తింటుంటాయి.

ఏటా మట్టం ఇష్టం వచ్చినట్టు మారే జలాశయాన్ని దాని మానాన వదిలేస్తే అది జిలేబీల వైపే ఒరుగుతుంది. దీనికి జిలేబిని తిట్టి లాభం లేదు. తూము తలుపు ఎత్తేటప్పుడు మనమే దాన్ని ఎంచుకుంటున్నాం.

ఇక వేట సంగతి. గాలం వేసేవాళ్ల మధ్య ఒక నియమం ఉంది, మాట్లాడొద్దని. భౌతికశాస్త్రం ఈ నియమాన్ని పెద్దగా ఒప్పుకోదు. గాలిలో పుట్టిన శబ్దం నీటి ముఖాన్ని తాకి దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది, వెయ్యిలో దాదాపు ఒక వంతు శక్తే లోపలికి దిగుతుంది. కబుర్లు చెప్పుకోవచ్చు. కాలు నేలకేసి కొట్టకూడదు. గట్టు మీద అడుగు పడితే ఆ అదురు మట్టిలోంచి నేరుగా నీళ్లలోకి పోతుంది, అక్కడ సెకనుకు 1,480 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. బొచ్చె జాతి చేపలకు వినికిడి చాలా చురుకు. వాటి పొట్టలోని గాలితిత్తి శబ్దానికి డోలులా అదురుతుంది. ఆ అదురును లోపలి చెవికి చేర్చే చిన్న ఎముకల గొలుసొకటి ఉంటుంది. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ వెబర్ 1820లో వర్ణించడంతో వాటికి ఆయన పేరే వచ్చింది. జెల్లలకూ ఈ గొలుసుంది. జిలేబికి లేదు. ఇది కాక చేప పక్కన మొప్ప నుంచి తోక దాకా ఒక గీత కనిపిస్తుంది చూడండి, దగ్గరలో నీరు కదిలితే చర్మంతోనే పసిగట్టే అవయవం అది.

చూపు మరీ విచిత్రం. నీటి అడుగు నుంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచమంతా తలమీద ఒక గుండ్రటి కిటికీలో కనబడుతుంది. కాంతి నీటిలోకి వచ్చేటప్పుడు వంగడం వల్ల 97 డిగ్రీల శంకువులోకి ఆకాశం, గట్టు, మనిషి అన్నీ కుదించుకుపోతాయి. కిటికీ బయట నీటి అడుగు అద్దంలో లాగా ప్రతిబింబిస్తుంది. గట్టుకు దగ్గరగా, నీటిమట్టానికి పది డిగ్రీల లోపు ఎత్తున ఉన్నదంతా కిటికీ అంచున సన్నటి పట్టీలా నలిగిపోతుంది, చేపకు ఆనదు. లెక్క వేస్తే అయిదున్నర అడుగుల మనిషి చేపకు 32 అడుగుల దూరంలో నిలబడినా ఆ పట్టీలోనే ఉంటాడు. గొంతుక్కూచుంటే ఇంకా దగ్గరికి పోవచ్చు. పాత వేటగాళ్లు నీడ నీళ్లలో పడకుండా గట్టు వెనక కూర్చోవడంలో తెలివి ఉంది.

ఎరలోనూ అంతే. బొచ్చెకు మీసాల్లేవు, ఎర్రమోసుకు ఒక జత, బంగారు తీగకు రెండు జతలు. మీసాల మీద రుచి గ్రహించే మొగ్గలుంటాయి. మీసాలున్న చేప మసక నీటిలో అడుగున తడుముకుంటూ వానపామునైనా, పిండి ముద్దనైనా కనిపెడుతుంది. బొచ్చె తినేదే నలుసుల్లాంటి జీవులు. ముద్ద ఎర దానికి మింగుడుపడే తిండి కాదు. వేరుశనగ చెక్క, మైదా కలిపిన ముద్దను నీళ్లలో మెల్లగా విడిపోయేలా చేస్తే ఆ నలుసుల మేఘంలోకి నోరు తెరుచుకుని వస్తుంది, గాలం దాంతో పాటు లోపలికి పోతుంది. ఎర గట్టిగా పిసికినవాడికి జెల్ల పడుతుంది, వదులుగా పిసికినవాడికి బొచ్చె పడుతుంది. ఈ పిసకడం ఇంతకంటే వివరంగా కాగితం మీద చెప్పడం కుదరదు.

గాలంతో సరదా తీరుతుంది గాని బతుకు గడవదు. బెస్తల జీవనాధారం వల, దాన్ని వేయడానికి పుట్టో, తెప్పో. సాయంత్రం నీళ్లలో తెరలాగా నిలబెట్టి తెల్లారి తీసే నైలాను వలను తీసుకుందాం. చేప తల కన్నులోంచి దూరుతుంది, ఒళ్లు దూరదు. వెనక్కి లాగితే మొప్పలు దారానికి చిక్కుకుంటాయి. కన్ను కంటే సన్నటి చేప దాటిపోతుంది, మరీ పెద్దది తలే దూర్చలేదు. ఒక్కో కన్ను కొలతకు ఒక్కో సైజు చేప పడుతుంది, అంతకు అటూ ఇటూ పట్టుబడి పడిపోతుంది. చేపల వేటకు గణితం కట్టిన తొలితరంలో రష్యా శాస్త్రజ్ఞుడు ఫ్యోదర్ బరానోవ్ ఒకడు. పట్టే వేగానికీ, మిగిలే చేపకూ మధ్య లెక్కను ఆయన 1918లో సమీకరణంగా రాశాడు. ఇవాళ సముద్రాల్లో వేట ఎంత అని తేల్చే లెక్కలకు పునాది అదే.

ఆ లెక్కలో జలాశయానికి పనికొచ్చే ముక్క ఇది. వేలెడు బొచ్చెపిల్ల మేత దొరికితే ఏడాదిలో కిలో దాటుతుంది, రెండో ఏడు ఇంకా జోరుగా పెరుగుతుంది. పావుకిలో ఉన్నప్పుడే పట్టేస్తే మిగతా బరువు ఎవరికీ దక్కదు. చిన్న కన్ను వల అందుకే చేటు. దానికంటే చేటు అలివి వల. దోమతెర లాంటి సన్నటి గుడ్డను వందల మీటర్ల పొడవున తిప్పి గట్టుకు లాగితే వేలెడు పిల్లతో సహా ఊడ్చుకొస్తుంది. శ్రీశైలం వెనక జలాల్లో నిషేధం ఉన్నా వీటి వాడకం మీద ఏటా గొడవే. ఆ నీరే మనకూ వస్తుందన్నది గుర్తుంచుకోవాలి. అక్కడ ఊడ్చినది ఇక్కడికి కొట్టుకురాదు.

వానాకాలం మొదట్లో వేట ఆపమనడం కూడా మన దగ్గర అలవాటే. గుడ్లు పెట్టే కాలమని కారణం చెబుతారు. చెరువు మరవ పారినప్పుడు పరిగెలు, జెల్లలు ఎదురెక్కడం చూసినవాళ్లకు ఆ కారణం సరైనదే. ఆ చిన్న చేపలు ఇక్కడివే, ఇక్కడే పెడతాయి. బొచ్చె, శీలావతుల సంగతి వేరు, అవి ఎలాగూ పెట్టవు. వాటికి కాపలా కావాల్సింది పిల్లలు వదిలిన తరవాతి నెలల్లో. వదిలిన నాటి నుంచి ఆరు నెలలు సన్న కన్ను వలను పూర్తిగా పక్కన పెట్టించగలిగితే అది ఏ నిషేధం కంటే ఎక్కువ కిలోలు ఇస్తుందని నా అంచనా.

ఎన్ని కిలోలు? మన దేశంలో వెయ్యి హెక్టార్ల లోపున్నవి చిన్న జలాశయాలనీ, అయిదువేల దాకా మధ్యరకమనీ, ఆపైన పెద్దవనీ విభజిస్తారు. 1947లో మొదలై, ఇప్పుడు బారక్‌పూర్‌లో ఉన్న కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుడు వి.వి. సుగుణన్ 1995లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోసం దేశమంతటి లెక్క తీశాడు. హెక్టారుకు ఏడాదికి చిన్నవాటిలో 50 కిలోలు, మధ్యరకంలో 12, పెద్దవాటిలో 11 కిలోలు, అటూ ఇటూగా. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో రైతులు హెక్టారుకు టన్నుల్లో తీస్తారు. అక్కడ చెరువు అడుగు ఎండబెట్టి, ఎరువు చల్లి, తవుడు పోసి, నీళ్లకు గాలి పట్టించే మరలు తిప్పుతారు. ఆ పోలిక న్యాయం కాదు. కానీ పెద్ద జలాశయానికీ చిన్నదానికీ మధ్య ఉన్న నాలుగైదు రెట్ల తేడా ఆలోచించదగింది. చిన్నదాంట్లో లోతు తక్కువ, ఎండ అడుగు దాకా దిగుతుంది, అంచు ఎక్కువ. అంతకంటే పెద్ద కారణం, వదిలిన పిల్లను తిరిగి పట్టగలగడం.

జార్ఖండ్‌లో సువర్ణరేఖ మీద చాండిల్ జలాశయముంది. భూములు పోగొట్టుకున్న నిర్వాసితులే సంఘాలుగా చేరి అందులో పంజరాలు తేలేసి చేపలు పెంచుతున్నారు. పిల్ల ఎటూ పోదు, వాలుగ నోట్లో పడదు, వేసిన మేత దానికే అందుతుంది. గండికోటకు ఇది నప్పుతుందా అంటే, నీరు నిలకడగా ఉన్న భాగం వరకు నప్పవచ్చు. పార్నపల్లెకు కష్టం. మే నెలలో మట్టం పడిపోయినప్పుడు పంజరం కింద కనీసం కొన్ని మీటర్ల నీరు మిగలాలి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు కరగడమే తక్కువ. 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాములకు పైగా పట్టే నీరు 35 డిగ్రీల వద్ద 7 దగ్గర ఆగిపోతుంది. అదే వేడికి చేప ఒంటి అవసరం పెరుగుతుంది. మేత కుళ్లు దానికి తోడైతే తెల్లవారుజామున, నాచు రాత్రంతా పీల్చి వదిలేసిన వేళ, పంజరంలోని చేప పారిపోవడానికి చోటుండదు.

అందుకని పార్నపల్లెకు వదిలి పట్టే పద్ధతే సరిపోతుంది. దానికి కావలసిన లెక్క పెద్దది కాదు. హెక్టారుకు 50 కిలోలు ఆశిస్తే, ఒక్కోటి కిలో పెరుగుతుందనుకుంటే, 50 చేపలు చేతికి రావాలి. అయిదింట ఒకటి బతుకుతుందనుకుంటే 250 పిల్లలు వదలాలి. హెక్టార్లను మాత్రం నిండినప్పటి మట్టంలో కొలవకూడదు, వేసవిలో మిగిలే నీటిలో కొలవాలి. చేప ఏడాది పొడవునా బతకవలసింది అంత చోటులోనే. పిల్లల్ని వదలవలసింది కృష్ణ నీరు ఎక్కుతున్న వారాల్లో, గడ్డి మునిగిన అంచుల దగ్గర, ఉదయం పూట. సంచి నీళ్లూ జలాశయం నీళ్లూ ఒక వేడికి వచ్చేదాకా సంచిని విప్పకుండా పావుగంట తేలనివ్వాలి. అక్కడి నుంచి పద్నాలుగు, పదిహేను నెలలు ఆగి, అప్పుడు పెద్ద కన్ను వల దించాలి.